కొత్త రూల్సులో పాత కోట

కళ్లజోళ్ల షాపాయనకి ఆటంటే ప్రాణం. పరుగులూ చెమటలూ లేని ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఒకడు వీరుడిలా, ఒకడు దొంగలా మాట్లాడాలి. వాళ్లకి దారిలో ఏం ఎదురైందో చెబుతూ కథ నడిపేవాడు వేరే ఉంటాడు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది ఈయనే కాబట్టి స్నేహితులు "గురువు" అని పేరు పెట్టారు. అందులో సగం గౌరవం, సగం వెక్కిరింత.

ఆ ఆటకి కొత్త రూల్సు పుస్తకం వచ్చింది. గురువు ఎగిరి గంతేశాడు. స్నేహితుల్లో ఒకడైన పళ్ల డాక్టరు మాత్రం పెదవి విరిచాడు.

"మన పాత కథల పుస్తకాలు దీనికి కుదరవు కదరా. అవన్నీ మార్చి రాసి అప్పుడు పిలువు, వస్తాం."

మిగతావాళ్లూ తలలూపారు. అది తప్పించుకునే మాటని ఇంకెవరికైనా ఇట్టే తెలిసిపోయేది. మన గురువు దాన్ని పనిగా నెత్తికెత్తుకున్నాడు.

రోజూ షాపు మూసి వచ్చి, మునిగిన కోట కథని ముందేసుకునేవాడు. చెరలో ఉన్న రాణిని విడిపించడం అందులో పని. పాత పుస్తకంలో కాపలా రాక్షసి చూస్తే చాలు, మనిషి రాయైపోతాడు. కొత్త రూల్సు అలా ఒప్పుకోవు. ముందు కాళ్లు బిగుసుకోవాలి, తప్పించుకోవడానికి ఇంకో అవకాశం ఇవ్వాలి. పేజీకి ఇలాంటి తలనొప్పులు బోలెడు. మార్చింది సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే ఆడి చూడాల్సిందే. ఆడేవాళ్లేరీ? అందరి వేషాలూ తనే వేశాడు. డాక్టరు గొంతుతో "తలుపు తన్నేస్తా, తర్వాత చూసుకుందాం!" అని అరిచాడు. బ్యాంకు మిత్రుడి గొంతుతో రాక్షసితో బేరమాడాడు.

ఒక సాయంత్రం పై వాటాలో ఉండే అక్క టీ గ్లాసుల ట్రేతో దిగొచ్చింది.

"ఇన్నాళ్లకి అందరూ వచ్చార్రా! గొంతులు పైదాకా వినిపిస్తున్నాయి."

గదిలో తమ్ముడొక్కడే ఉన్నాడు. "సరిచూసుకుంటున్నానక్కా," అన్నాడు. అక్క ఒక గ్లాసు బల్ల మీద పెట్టి మిగతావి పైకి తీసుకుపోయింది.

కోట పూర్తయిన మర్నాడే డాక్టరు భార్య కళ్లజోడు కోసం షాపుకి వచ్చింది. గురువు మొహం చాటంత అయింది.

"చెల్లెమ్మా, డాక్టరుకి చెప్పు. కోట సిద్ధం. ఈ ఆదివారమే మొదలెడదాం."

"మళ్లీ మొదలా అన్నయ్యగారూ? మొన్న ఆదివారమేగా వీళ్లంతా మా ఇంట్లో రాణిని విడిపించి, పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు! మీకు షాపు పనితో తీరట్లేదని చెప్పారే మా ఆయన?"

"ఏ రూల్సుతో ఆడారు?" అనడిగాడు గురువు. అడగాల్సింది అది కాదని తెలుసు. నోటికి అదే వచ్చింది.

"ఏమో! పుస్తకమైతే ఎవరూ తెరవరు. ఒకరేదో అంటారు, మిగతావాళ్లు సరే అంటారు. హాయిగా నవ్వుకుంటారు."

అప్పటికి ఆవిడకి విషయం అర్థమై నాలుక్కరుచుకుంది. గురువు తల వంచుకుని, బిగుతుగానే ఉన్న స్క్రూని మళ్లీ బిగించి, కళ్లజోడు ఆవిడ చేతికిచ్చాడు.

"చెవి వెనక ఒరుసుకుంటే తీసుకురామ్మా, సరిచేస్తాను," అన్నాడు. "ఇకనుంచి ఆదివారాలు కూడా షాపు తెరిచే ఉంటుంది."