బియ్యం డ్రమ్ములో కటారు

మనవడి అల్మారాలో ఉతికిన చొక్కాలు సర్దుతుంటే నీలమ్మ చేతికి బరువైన డబ్బా ఒకటి తగిలింది. తెరిచి చూస్తే లోపల కత్తి. కూరగాయలు తరిగేది కాదు. మెరుపన్నది లేని నల్లటి ఉక్కు, మొన సూదిలా ఉంది. పిడి మాత్రం పాతకాలపు కటారుకున్నట్టే రెండు అడ్డకమ్మీలు, పిడికిలి బిగించి పొడవడానికి. డబ్బా మీద డాలు పట్టిన యోధుడి బొమ్మ.

ఆమె గభాలున డబ్బా మూత పెట్టేసింది. పేపర్లో అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి; ఇలాంటి కత్తులు ఏం చేస్తాయో ఆ పేపరే ఆమెకు చెప్పింది.

మనవడు సాయిచంద్ గచ్చిబౌలిలో కంప్యూటర్ల పని చేస్తాడు. కొడుకూ కోడలూ ఒకే బండి మీద వెళ్లి తిరిగి రాకపోయాక, గోపన్‌పల్లి ఇంట్లో ఆమెకు మిగిలింది వాడొక్కడే. వాడి ఆఫీసు బస్సు మలుపు తిరిగేదాకా రోజూ బాల్కనీలోనే నిలబడుతుంది.

వారం నుంచి వాడి వాలకం బాగాలేదు. ఫోను మోగితే బాత్‌రూంలో దూరుతున్నాడు. నీళ్ల చప్పుడులో ఆమె చెవిన పడ్డవి రెండే ముక్కలు: ఉదయ్ భాస్కర్‌కు తెలిస్తే పని చెడుతుందని, శుక్రవారం పొద్దున్నే కానిచ్చేయాలని. ఆయనెవరని అడిగితే ఆఫీసులో ఎవరో అన్నాడు, గోడ వైపు చూస్తూ.

తెల్లారితే శుక్రవారం. డబ్బాను ఉన్నచోటే ఉంచి, కత్తిని బియ్యం డ్రమ్ము అడుక్కి తోసింది నీలమ్మ.

పొద్దున్నే వాడు తలస్నానం చేసి, డబ్బా తెరిచి, అల్మారాలో ఉన్నవన్నీ కిందపడేశాడు. ఆమె తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

“నాయనమ్మా, డబ్బాల ఉన్నది తీసినవా?”

“తీసిన. ఎవర్ని పొడవనీకి తెచ్చినవ్‌ర?”

“పొడుసుడేంది?”

“ఆ ఉదయ్ భాస్కర్ ఏం జేసిండు నీకు?”

“ఆయన నాకు బామ్మర్ది అయితడే, జర సేపైతే.”

వాడు ఆమె ఎదుట చతికిలబడి అంతా చెప్పాడు. నిజాంపేటలో ఉండే ఉమాశ్రీది వాడి ఆఫీసే, ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్లింట్లో ఒప్పుకోలేదు, ఆమె అన్న ఉదయ్ భాస్కర్ అసలే ఒప్పుకోలేదు. ఇవాళ గుడిలో పెళ్లి. తాతను పెళ్లికొడుకును చేసినప్పటినుంచి తాళి కట్టేదాకా, దిష్టి తగలకుండా ఆయన కటారు చేతిలోంచి దించలేదని నీలమ్మ చెప్పిన ముచ్చట వాడి మనసులో ఉండిపోయింది. అలాంటిది ఎక్కడా దొరక్క, ఫోన్లో వెతికి దీన్ని తెప్పించుకున్నాడు.

“నాకెందుకు చెప్పలే?”

“పెండ్లైనంక వాళ్లోళ్లు ఈడికొస్తరు, కొన్ని దినాలు వేరే కిరాయికుండాలె. నువ్వు పరేషాన్ అయితవని.”

వాడు తనకు దక్కకుండా పోతాడన్న ఆమె భయం సగం నిజమే అయింది. వాడు పోతున్నాడు, అదీ చెప్పకుండా.

నీలమ్మ లేచి బియ్యంలో మోచేతిదాకా చెయ్యి దోపి కత్తి తీసింది. కొంగుతో తుడిచింది. వాడు చెయ్యి చాపాడు. ఇవ్వకుండా వంటింట్లోకి వెళ్లి, మొనకు నిమ్మకాయ గుచ్చుకుని వచ్చింది.

“నిమ్మకాయ లేకుంట పెండ్లికొడుకేంది? దిష్టి తగలదా?”

“సరే, ఇటియ్యి.”

“కత్తి చేతికియ్యొద్దు, పొత్తు తెగుతది. గుడిల పీట మీద పెడ్త, తీస్కో. అందాక నేనే పట్టుకొస్త, పా.”

వెనక సీట్లో ముసలమ్మ ఒళ్లో నల్లటి కత్తిని చూసి, కారు డ్రైవరు అద్దంలో ఆమెను మళ్లీ మళ్లీ చూశాడు. నీలమ్మ అతని వైపు చూడలేదు. ఒక చేత్తో పిడి, రెండో చేత్తో మనవడి మణికట్టు పట్టుకుని కూర్చుంది.