నీ పక్కన ఎవరుండాలి

లక్ష్మీదేవి జీన్స్ ప్యాంటును ఒడిలో తిరగేసుకుని, కుట్ల దగ్గర వేలాడే దారపు కొసలను చిన్న కత్తెరతో కత్తిరిస్తోంది. రాయదుర్గం జీన్స్ కార్ఖానా నుంచి పొద్దున ఆటోలో వచ్చిన మూట వసారాలో సగం విప్పి ఉంది. పక్కన కూర్చున్న ఆడబిడ్డ మల్లీశ్వరి చేతిలోనూ ఒక కత్తెర ఉంది గానీ, ఆమె చాలాసేపటి నుంచి ఒకే ప్యాంటు కాలు దగ్గర ఆగిపోయింది.

"ఆ కాలికి దారాలు అయిపోయినాయి మల్లీ. ఇంగ ఉట్టి గుడ్డ కత్తిరిస్తావా ఏమి?" అంది లక్ష్మీదేవి.

మల్లీశ్వరి నవ్వి ప్యాంటు పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. ఆమె మనసు దారాల మీద లేదు. రేపు బడిలో కబడ్డీ జట్టుకు ఎంపికైన పన్నెండు పేర్లు చదవాలి. ఆ పన్నెండులో అన్న కూతురు అంజలి పేరు లేదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మల్లీశ్వరి హైస్కూల్లో ఆటల టీచరుగా చేరింది ఈ యేడే. వేరే గది చూసుకుంటానంటే అన్న కుళ్లాయప్ప ఒప్పుకోలేదు. ఇల్లుండగా అద్దెకుంటే నలుగురూ ఏమనుకుంటారని సామాను తానే మోసుకొచ్చాడు. చేరిన కొద్ది రోజులకే మండలం ఆడపిల్లల కబడ్డీ జట్టు మేనేజరు పని కూడా ఆమె నెత్తిన పడింది. అంతకు ముందు ఆ పని చూసిన హనుమంతరాయుడు సారు రిటైరై పోతూ, విజిల్ ఆమె చేతిలో పెట్టి ఒక్కటే చెప్పాడు. ఊరికొక పిల్లను తీసుకో తల్లీ, ఎవరూ వచ్చి అడగరు అని.

ఆయన మంచివాడు. తగవులంటే భయం, అంతే. అందుకే ఏటా ఆ జట్టులో పిల్లలు ఒకరి మొహం ఒకరు జిల్లా పోటీలకు అనంతపురం పోయే బస్సులోనే మొదటిసారి చూసుకునేవాళ్లు. మొదటి ఆటలోనే ఓడి, అక్కడ పెట్టిన అన్నం తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాళ్లు. ఈ ఊరి నుంచి పోయే ఒక్క పిల్లా అంజలే.

మల్లీశ్వరి ఊళ్ల లెక్క పక్కన పెట్టింది. మండలంలోని ఆడపిల్లలందరినీ బడి మైదానానికి పిలిచి, జతలు మార్చి మార్చి ఆడించింది. కబడ్డీలో కూతకు వచ్చేవాళ్లనే జనం చూస్తారు. ఆమె మాత్రం గీత వెనక చేతులు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూసింది. ఆట అయ్యాక ఒక్కొక్కరినీ చేతిపంపు దగ్గరికి పిలిచి ఒకటే మాట అడిగింది: చివరి నిమిషం, గట్టి పిల్ల కూతకు వస్తోంది, నీ పక్కన చేయి పట్టుకుని ఎవరుండాలి?

చాలామంది ఒకే పేరు చెప్పారు. నల్లమ్మ.

నల్లమ్మ ఇదే ఊళ్లో గొర్రెలు కాచే మద్దిలేటి కూతురు. కూతకు పోతే ఏమంత గొప్పగా ఆడదు. కానీ పక్కవాళ్ల చేయి ఒకసారి ఆమె చేతిలోకి వస్తే, నేల మీద ఈడ్చుకుపోయినా విజిల్ పడేదాకా వదలదు. అంజలి అట్లా కాదు. కూతకు పోతే గాలి. కానీ గీత వెనక నిలబడితే ఆగలేదు, పక్క చేయి విదిలించుకుని తానొక్కతే ఎగబడుతుంది. అంజలి పేరు ఒక్క పిల్లా చెప్పలేదు. అంజలిని అడిగితే, ఆమె కూడా పంపు నీళ్లకేసి చూస్తూ మెల్లగా అంది, "నల్లమ్మ, మేడం." ఇంట్లో అత్త అనే పిల్ల, బడిలో మేడం అంటుంది.

కూతకు పోయేవాళ్లు కావలసినంత మంది దొరికారు. పట్టు నిలిపేవాళ్లకే కరువు. చివరికి ఒక్క చోటు మిగిలింది, ఇద్దరు పిల్లలు మిగిలారు. మల్లీశ్వరి నల్లమ్మ పేరు రాసుకుంది. రాసుకున్నప్పటి నుంచి ఈ ఇంట్లో ముద్ద దిగడం లేదు.

వాకిట్లో కుళ్లాయప్ప గొంతు వినిపించింది. రాయదుర్గం బస్సు దిగి వస్తున్నాడు. చంకలో అట్టపెట్టె. ఎదురింటి రామసుబ్బమ్మ గడపలో నిలబడి, పెట్టెలో ఏమని ఆరా తీసింది. కూతురికి బూట్లని అతను చెప్పాడు.

"ఇంగేమప్పా. మేనేజరమ్మ మీ ఇంట్లోనే ఉండాది. అంజలి ఉత్త కాళ్లతో పోయినా గెలిచొచ్చినట్టే," అని ఆమె నవ్వింది.

కుళ్లాయప్ప కూడా నవ్వుతూ లోపలికి వచ్చి, ప్యాంట్ల కుప్ప పక్కన కూర్చుని పెట్టె విప్పాడు. తెల్ల బూట్లు, నీలం చారలు. నీళ్ల బిందెతో వచ్చిన అంజలి వాటిని చూసి, బిందె దించకుండా అట్లాగే నిలబడిపోయింది.

ఇక దాచి లాభం లేదనుకుంది మల్లీశ్వరి. కత్తెర కింద పెట్టింది.

"అన్నా, అంజలి పేరు లేదు."

కుళ్లాయప్పకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బూటు పెట్టెలో పెట్టాడు.

"ఎవురిది ఉండాది?"

"మద్దిలేటి కూతురు నల్లమ్మది."

"ఈ ఇంట్లో తింటాండావు..." అని మొదలుపెట్టి, అతను ఆగిపోయాడు. లక్ష్మీదేవి కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. పూర్తికాని ఆ మాట మల్లీశ్వరికి అర్థమైంది. సామాను సర్దుకోవాలేమో అని కూడా అనుకుంది.

బిందె దించిన చప్పుడైంది.

"అత్తనేమీ అనొద్దు నాయనా. నల్లమ్మ పేరు నేనే చెప్పినా."

"నీకేమన్నా పిచ్చా మే?"

"పోయిన యేడు అనంతపురంలో చేయి ఇడిసిపెట్టింది నేనే. నా పక్కన పిల్ల బోర్లా పడింది. మనోళ్లు ఓడిపోయింది నాతోనే. ఇంట్లో ఎవురికీ చెప్పలేదు." అంజలి చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. "ఈ యేడు వీధిలో ఎవురు చూసినా, నీకేమే, మీ అత్త ఉండాది అంటాండారు. పోయి మళ్లా ఇడిసిపెడితే అత్త పేరూ పోతాది. రాత్రుళ్లు నిద్దర పట్టకుండె. ఇప్పుడు ఊపిరాడినట్టుండాది."

ఇన్నాళ్లూ ఆ పిల్ల అన్నం వదిలేసి లేస్తుంటే, జట్టులోకి తీసుకోరేమోనని దిగులనుకుంది మల్లీశ్వరి. తీసుకుంటారేమోనని భయపడుతోందని తోచనే లేదు. రెండు భయాలూ ఒకే కంచం ముందు, ఒకదానికొకటి తెలియకుండా కూర్చున్నాయి. ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

"పట్టు నేర్చుకోవే. వచ్చే యేడు చూస్తా," అంది.

"రేపటి నుంచే వస్తా. వాళ్లకు ఎదురు కూతకు పోయేవాళ్లు ఉండాల కదా. నల్లమ్మ నన్ను పట్టుకోనీ చూస్తాం," అంది అంజలి. చాలా రోజులకు ఆమె గొంతులో పొగరు వినబడింది.

లక్ష్మీదేవి కత్తెర మళ్లీ కదిలింది. కుళ్లాయప్ప పెట్టె మీద చేయి పెట్టుకుని, చెల్లెలి వైపు చూడకుండా కూర్చున్నాడు. అట్లాగే అడిగాడు.

"ఆ పిల్ల ఉత్త కాళ్లతో ఆడతాదా?"

"ఊఁ. మన మైదానంలో ఏం కాదు. ఆడ మ్యాటు మీద జారతాది."

"ఆ బూట్లు నీ బిడ్డకు ఎట్లాగూ వదులే," అంది లక్ష్మీదేవి దారం తుంచుతూ. "చెప్పులు తెచ్చినా, చొక్కా తెచ్చినా, రాబోయే యేటి కొలతకే తెస్తావు. పెండ్లిలో నాకు తెచ్చిన చెప్పులు ఇప్పటికీ వదులే."

అంజలి నవ్వింది. మల్లీశ్వరి కూడా నవ్వి, గబుక్కున అన్న మొహం చూసింది. అతని మొహం అట్లాగే ఉంది. కానీ పక్కనున్న మంచినీళ్ల చెంబు చెల్లెలి వైపు జరిపాడు. ఆమె రెండు గుక్కలు తాగింది.

రోడ్డు మీద తిరుగు బస్సు హారన్ మోగింది. ఇప్పుడు పోతే బూట్లు అంగట్లో వాపసు ఇచ్చి రావచ్చు. కుళ్లాయప్ప లేచాడు. ప్యాంట్ల మూటకు కట్టొచ్చిన పురికొస తీసి, పెట్టెకు అడ్డంగా నిలువుగా చుట్టి ముడి వేశాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది. అది పోయేదాకా గడపలోనే నిలబడి, తర్వాత పెట్టె చంకన పెట్టుకుని, ఇల్లు దిగి, మద్దిలేటి గొర్రెల దొడ్డి ఉన్న వీధి వైపు నడిచాడు.