స్టే వచ్చింది

ఏ ఊరి కోర్టో చెప్పను. పల్నాడులో కోర్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఊరి పేరు చెబితే మనుషుల్ని కూడా పోల్చేస్తారు. నా పేరు ఇశ్రాయేలు. ఆ కోర్టులో ప్రాసెస్ సర్వరుగా పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. సమన్లు, ఆర్డర్లు పట్టుకుపోయి ఎవరికివ్వాలో వాళ్ళకిచ్చి సంతకం పెట్టించుకు రావడం, మనిషి దొరక్కపోతే తలుపుకి అతికించి రావడం నా ఉద్యోగం. చదువుకున్నవాడు చెయ్యాల్సిన పనేం కాదు, గోడకి బంక రాయడం వస్తే చాలు.

ఎనభై ఆరు జనవరి ఇరవై ఆరున మా కోర్టు జడ్జి మునసబుగారు హైస్కూల్లో జెండా ఎగరేసి ఉపన్యాసం ఇచ్చారు. చట్టాలు చేసేవాళ్ళు ఒక శాఖట, అమలు చేసేవాళ్ళు ఇంకో శాఖట, తీర్పు చెప్పేవాళ్ళు మరో శాఖట. ఒకరి గట్టు ఒకరు దాటకూడదట. మన రాజ్యాంగం గొప్పతనం అంతా అందులోనే ఉందట. పక్క కుర్చీల్లో కూర్చున్న ఎమ్మెల్యే, ఎమ్మార్వో సుందరరావు తెగ చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఎమ్మార్వో జీపులో ఎత్తిపోతల వెళ్ళి కోడి పలావు తిన్నారు. విస్తళ్ళు వేసింది నేనే. శాఖలు మూడైనా విస్తళ్ళు ఒకటే వరసలో వేశాను. ఎమ్మెల్యే విస్తట్లో పలావు తగ్గితే మునసబుగారు స్వయంగా లేచి వడ్డించారు.

ఆ ఎండాకాలంలోనే పీరాంబీ కేసు వచ్చింది. రెంటచింతల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన ఒక క్రాసులో ఆమెకి టీ కొట్టు ఉండేది. కొట్టంటే ఏముంది, మూడు పక్కల నిలబెట్టిన నాపరాళ్ళు, పైన రేకులు. క్వారీలో రాయి మీద పడి మొగుడు పోయాక, అక్కడివాళ్ళు పగిలిన పలకలిస్తే తెచ్చి నిలబెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళుగా లారీలవాళ్ళకి అక్కడే టీ పోస్తోంది, అక్కడే పడుకుంటోంది. ఆమెకి వేరే ఇల్లు లేదు. ఆ జాగా మీద ఎమ్మెల్యే బావమరిది కన్ను పడింది. బ్రాందీ షాపు పెడతాడట. ఎమ్మెల్యే ఎమ్మార్వోకి ఒక్క మాట చెప్పాడు. అంతే, అది పోరంబోకు అని, శుక్రవారానికల్లా ఖాళీ చెయ్యాలని పీరాంబీకి నోటీసు వచ్చింది. అభ్యంతరాలుంటే ఎవరికి చెప్పుకోవాలో కూడా అందులో రాశారు. ఆ ఎమ్మార్వోకే చెప్పుకోవాలట. థూ.

ప్లీడరు నూర్ మొహమ్మద్ జాలిపడి దావా వేశాడు. గురువారం సాయంత్రం, కోర్టు నిండా ప్లీడర్లు చూస్తుండగా, మునసబుగారు ఇవ్వక తప్పక ఆర్డరిచ్చారు. ఆ స్థలం ఆర్డరు అందిన నాటికి ఎలా ఉందో అలాగే ఉంచవలెనని. నూర్ మొహమ్మద్ ఒక లారీ డ్రైవరు చేత పీరాంబీకి కబురు పంపాడు, రేపు పొద్దున్నే స్టే వచ్చిద్ది, అదొచ్చాక నీ కొట్టు మీద చెయ్యేసే మొనగాడు లేడు అని.

శుక్రవారం మొదటి బస్సుకి వెళ్ళి క్రాసులో దిగాను. కొట్టు ముందు ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. కడిగిన పీట ఒకటి వేసి, దాని మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. పీరాంబీ నన్ను ఎగాదిగా చూసి, నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని బస్సు వైపు చూసింది.

"ఆయమ్మ రాలేదా అబ్బయ్యా?" అని అడిగింది.

ఎవరమ్మా అన్నాను. స్టే అంది. వచ్చిద్ది, వచ్చిద్ది అంటుంటే ఎవరో పెద్ద ఆఫీసరమ్మ అనుకుందట. మగాడైతే వస్తాడు అనేవాళ్ళు గదా. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. స్టే అంటే మనిషి కాదు పెద్దమ్మా, ఇదిగో ఈ కాగితమే అని సంచిలోంచి తీసి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి అడ్డం నిలబడేదెవరయ్యా?"

కాగితం చాలు పెద్దమ్మా అన్నాను. అన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని ఆ మాట అన్నాను.

ఇంతలో జీపు వచ్చింది. వెనకే ట్రాక్టరు, అందులో గునపాలతో పదిమంది. డ్రైవరు ముందుగా దిగి, తాసిల్దారుగారొచ్చారు, లెగండి అని అరిచాడు. సుందరరావు ఆ పిలుపుకి మురిసిపోతూ దిగాడు. నేను నమస్కారం పెట్టి ఆర్డరు అందించాను. ఆయన మొదటి రెండు పంక్తులు చదివి నవ్వాడు.

"ఇది తహశీల్దారు పేరు మీద ఉందేందయ్యా? తాలూకాలు పోయి మండలాలొచ్చి ఏడాదైంది. నేను మండల రెవిన్యూ ఆఫీసర్ని. తహశీల్దారనేవాడు ఇప్పుడు లేడు. లేనోడి కాగితం నేనెట్టా తీసుకుంటా?"

పీరాంబీ కొంగున కట్టుకున్న నోటీసు అడిగి తీసుకుని చూశాను. దాని కింద గుండ్రటి ముద్రలో తహశీల్దారు అనే ఉంది. కొత్త ముద్ర ఇంకా రాక, ఆయన ఆఫీసులో పాత ముద్రతోనే లాగిస్తున్నారు. ప్లీడరు గుమస్తా ఆ ముద్ర చూసే దావాలో ఎక్కించాడు. తమరి నోటీసు కూడా తహశీల్దారు ఇచ్చిందే సార్ అన్నాను. లేనోడి నోటీసుతో కొట్టు ఎలా కూలుస్తారని అడగలేదు గాని, ఆయనకి అర్థమైంది.

"ఇశ్రాయేలూ, నీది కాయితాలిచ్చే శాఖ. వాదించే శాఖ కాదు. పక్కకి జరుగు," అన్నాడు.

జరిగాను. నన్నెవరూ తొయ్యలేదు, నా అంతట నేనే జరిగాను. పలకలు ఒక్కొక్కటే పడ్డాయి. పద్దెనిమిదేళ్ళ కొట్టు పావుగంట పట్టలేదు. పీరాంబీ ఏడవలేదు. పీట మాత్రం వాళ్ళ కాళ్ళ కింద పడకుండా తీసి పక్కన పెట్టుకుంది.

కోర్టుకి తిరిగొచ్చి నా రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ఆర్డరు చూపించినా తీసుకోలేదని, నా కళ్ళ ముందే కొట్టు కూల్చారని. మునసబుగారు ఛాంబరుకి పిలిపించారు. తీసుకోలేదన్నది ఉంచి, కూల్చారన్నది కొట్టెయ్యమన్నారు.

"కాగితం ఇవ్వడం నీ పని. ఏం జరిగిందో తేల్చడం నా పని. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకూడదు," అన్నారు.

జనవరిలో చెప్పిన ఉపన్యాసమే. ఆయనకి నా మీద కోపం కూడా లేదు, పిల్లవాడికి లెక్క దిద్దినట్టు చెప్పారు. స్కేలు పెట్టి ఆ వాక్యం కొట్టేశాను. ఆ వాక్యం ఉంటే ఎమ్మార్వో మీద కోర్టు ధిక్కారం కింద నూర్ మొహమ్మద్ గట్టిగా అడిగి ఉండేవాడు. లేదు గనక, తహశీల్దారు అన్న మాట మార్చమని అర్జీ పెట్టుకోవడం తప్ప అతనికి ఇంకేమీ మిగల్లేదు.

మంగళవారం సరిచేసిన ఆర్డరు వచ్చింది. ఈసారి సుందరరావు లేచి నిలబడి తీసుకున్నాడు. రెండు చోట్ల అడిగితే మూడు చోట్ల సంతకం పెట్టాడు. అందిన నాటికి ఎలా ఉందో అలాగే ఉంచాలి గదా, అక్షరాలా అలాగే ఉంచుతామని చెప్పాడు. దొంగ వెధవ. అందిన నాటికి అక్కడున్నది ఉత్త నేల.

ఆర్డరు నకలు పీరాంబీకి కూడా ఇవ్వాలని క్రాసుకి వెళ్ళాను. ఆమె పలకలు ఏరుకుని మళ్ళీ నిలబెట్టబోతుంటే ఎమ్మార్వో ఆఫీసు బంట్రోతు అడ్డం పడుతున్నాడు. కోర్టు ఆర్డరమ్మా, పుల్ల కూడా పాతకూడదు అంటున్నాడు. అవతల బావమరిది మనుషులు లారీలోంచి ఇటుకలు దించుతున్నారు. వాళ్ళనేమీ అనడంలేదు. బావమరిది దావాలో పార్టీ కాదు, ఆయన్ని ఆపమని ఏ కాగితంలోనూ లేదు. కాసేపటికి బంట్రోతు అలిసిపోయి పీరాంబీ పీట లాక్కుని కూర్చున్నాడు.

పీరాంబీ చేతిలో పలక కింద పెట్టి, నా చేతిలో కాగితం వైపు, పీట మీద మనిషి వైపు చూసింది.

"స్టే అంటే ఈయనేనా అబ్బయ్యా? ఆ రోజు రాలా. ఇయ్యాల వచ్చి నా పీట మీద కూచున్నాడు," అంది.

ఆమె బొటనవేలు చాపి, ముద్ర ఎక్కడెయ్యాలి అని అడిగింది. నేను సిరా డబ్బీ తెరిచి, ఎక్కడ వెయ్యాలో చూపించాను.