నవ్వే బొమ్మ

ప్రమీల చీర అంచుకు రాళ్లు అంటిస్తుండగా ఫోను టింగుమంది. పక్కనే గోడకానుకుని ఊగుతున్న సంధ్యారాణి చప్పున అందుకుని, తెరమీది మొహాల్లో నవ్వే బొమ్మను నొక్కి, తల్లి ముందు పెట్టింది.

"శభాష్ బిడ్డా" అంది ప్రమీల, వేళ్లకంటిన జిగురు గీక్కుంటూ.

పదిహేనేళ్ల పిల్లకు ఆటిజం. మాటలు నాలుగైదుకు మించవు. ఇలాంటి పిల్లల మనసు రోజంతా ఎలా మారుతుందో ఫోన్లో కొలుస్తామని కాలేజీ మేడమొకామె డిండోలి బస్తీలో వీళ్లింటి దాకా వచ్చి ఆ బొమ్మలు పెట్టించింది. టింగుమన్నప్పుడల్లా పిల్ల మనసెలా ఉంటే ఆ మొహమే నొక్కాలని, ఇందులో తప్పొప్పుల్లేవని హిందీలో చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ప్రమీల వింటే కదా. తప్పు జవాబులు చెబుతోందనే రెండు బడులు పిల్లను ఇంటికి పంపేశాయి. అందుకే మేడం గడప దాటగానే కూతురి వేలు పట్టుకుని నవ్వే బొమ్మ మీదే దిద్దించింది. ఏడుపు బొమ్మ దగ్గరికి వేలు పోతే చిన్నగా ఒక్కటి వేసింది.

"గిదేమన్న పరీక్షనా, జర ఊకోరాదే" అని మొగుడు నరహరి నవ్వాడు.

ఆ నరహరి ఇప్పుడు కరోనాతో ఆస్పత్రిలో ఉన్నాడు. ఉధ్నా మిల్లులో సాంచాల మోతలో ఇరవయ్యేళ్లు ఆ మరమగ్గాలే నడిపి చెవులు పాడుచేసుకున్న మనిషి. పొద్దున వార్డులో ఎవరిదో ఫోను అడిగి మాట్లాడాడు. "బిడ్డ తిన్నదా?" అన్నాడు. ఇంకా తినలేదని ప్రమీల అంటుంటే, వినపడక, "మంచిది, మంచిది" అన్నాడు.

మధ్యాహ్నం బక్కయ్య వచ్చాడు. నరహరి పక్క సాంచా అతనిదే, ఆస్పత్రి గేటు దగ్గర కనిపెట్టుకుని ఉంటున్నదీ అతనే. గడప బయటే నిలబడ్డాడు.

"వదినా, అన్న పోయిండు. మనకియ్యరంట. ఆళ్లే దహనం జేస్తరంట."

ప్రమీలకు ఏడుపు రాలేదు. చేతిలోని చీర ఎక్కడ పెట్టాలో తోచలేదు. సంధ్యారాణి ఊగడం ఆపేసింది.

"బాపు" అంది. చెంపల మీదుగా నీళ్లు కారి మెడ తడుస్తున్నా తుడుచుకోలేదు.

ఫోను టింగుమంది. పిల్ల ఏడుస్తూనే నవ్వే బొమ్మ నొక్కింది. తల్లి ముందు పెట్టి, శభాష్ కోసం మొహంలోకి చూసింది.

ప్రమీల గుండె చెరువైంది. నోరు లేని పిల్లకు దొరికిన ఒక్క దారినీ తన చేతులతోనే మూసేసింది.

"గది గాదు బిడ్డా. నేనే తప్పు జెప్పిన" అంటూ ఆ వేలు పట్టుకుని ఏడుపు బొమ్మ వైపు జరిపింది. పిల్ల బెదిరిపోయి చెయ్యి గుంజుకుంది. దెబ్బ పడుతుందేమోనని కళ్లు గట్టిగా మూసుకుంది.

గోడమేకుకు నరహరి పనిచొక్కా వేలాడుతోంది, కాలరంతా దారపు పీచుతో.