ఒక్క చెంచా నూనె

నేను ఒక ఇనుప మూకుడిని. తుని సంత పక్కన కమ్మరి కొలిమిలో ఎర్రగా కాగి, సుత్తి దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. తిన్న దెబ్బ మరచిపోవడం నాకు రాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

నన్ను కొన్నది మాణిక్యాంబ. ఆ ఇంట్లో వంట చేసేది నూకరత్నం. పన్నెండేళ్ళు ఆమె చేతిలోనే కాగాను. దొండకాయ వేపుడంటే ముక్కలు నూనెలో ఈదాలని మాణిక్యాంబే పురమాయించేది. నూనె డబ్బా ఇట్టే ఖాళీ అవుతోందేమిటని ఆశ్చర్యపోయేదీ ఆవిడే. మనుషుల తీరు అంతే.

ఒకరోజు చుట్టాలంతా వరండాలో కూర్చుని ఉండగా, మాణిక్యాంబ నూకరత్నాన్ని నూనె దొంగవంటూ ఆమె చేతిసంచి లాక్కుని గుమ్మరించింది. ఒక దువ్వెన, రెండు తమలపాకులు, తడి తువ్వాలు పడ్డాయి.

"ఇవాళ దొరకలేదంతే" అంది మాణిక్యాంబ. "రేపట్నించి రాకు. ఈ మూకుడు కూడా పట్టుకుపో. నీలాగే ఇదీ నూనె తాగుద్ది."

నూకరత్నం ఏడవలేదు. రైలుగేటు దగ్గర రేకుల కింద కర్రీ పాయింటు పెట్టింది. ఒక్క చెంచా నూనెతో వేపుడు చేసి తీరాలని పంతం పట్టింది. మొదట్లో అన్నీ మాడ్చింది. పోనుపోను కిటుకు తెలిసింది. కడిగిన దొండకాయలను గుడ్డ మీద ఆరబెట్టేది. నన్ను బాగా కాగనిచ్చి, చెంచా నూనె నా ఒంటినిండా పట్టించి, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచేది. మూత పెట్టేది కాదు, ఊరికే కలిపేది కాదు. అంచులు ఎర్రబడ్డాక ఉప్పు, దంచిన వెల్లుల్లి, వేయించిన నువ్వుల పొడి వేసేది. ఆపైన ఏడేళ్ళలో ఒక్క ముక్క మాడలేదు. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళంతా మా దగ్గరే వరుస కట్టేవారు.

ఆ వరుసలోకే ఒక మధ్యాహ్నం మాణిక్యాంబ వచ్చింది. గుండెకు ఆపరేషన్ అయింది, నూనె బాగా తగ్గించమన్నారు, ఉడికించిన కూరలు గొంతు దిగడం లేదు.

నూకరత్నం ఆవిడకు పొయ్యి పక్కనే స్టూలు వేసింది. చెంచా చేతికిచ్చింది.

"మీ చేత్తోనే పొయ్యండి అమ్మగారూ. ఎంత పడుద్దో మీరే చూసుకోండి."

వరుసంతా చూస్తోంది. మాణిక్యాంబ చెంచాతో కొలిచి పోసింది. నేను చుర్రుమన్నాను.

తిన్నాక మెల్లగా అడిగింది. "పాత సంగతులు మనసులో పెట్టుకోకే. రోజూ ఇంటికి పంపించవా?"

"పెట్టుకున్నానండి. పెట్టుకోబట్టే ఇది నేర్చుకున్నాను. పంపను. కావాలంటే రోజూ మీరే రండి. నూనె మీరే పొయ్యాలి."

నోటి రుచి పౌరుషాన్ని గెలిచింది. మాణిక్యాంబ రోజూ వచ్చింది, రోజూ అందరి ముందూ పోసింది. ఆ చేయి నా మీదికి వచ్చిన ప్రతిసారీ నాకు పండగే.

మూడు నెలలయ్యాక, కొత్తగా వచ్చిన ఒకావిడ అడిగింది. "నూనె మీరు పోస్తారేంటండీ? వీళ్ళ చుట్టాలా?"

నూకరత్నం నోరు తెరిచేలోగా మాణిక్యాంబే చెప్పింది.

"కాదమ్మా. ఈవిణ్ణి నేను నూనె దొంగన్నాను. పదిమందిలో అన్నాను. ఈవిడ తియ్యలేదు."

నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. అలా ఎంతసేపు నిలబడిందో, నాలో ముక్కలన్నీ నల్లగా మాడిపోయాయి. ఆమె పొయ్యి ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కొత్తగా దొండకాయలు తరగడానికి కూర్చుంది. "జరగండమ్మా, పొగ కొడతాది" అని మాణిక్యాంబ స్టూలును కాస్త వెనక్కి లాగింది.

ఆమె పగ అక్కడితో తీరింది కాబోలు. నేను ఇనుమును. నాకు చల్లారడానికి ఇంకా సమయం పడుతుంది.