మసక అద్దం

“చదువంతా నూనె మీదే చదివావు, ఇంట్లో నూనె మాత్రం కంపు కొడుతోంది,” అంటూ పొద్దున్నే అత్తయ్య సీసా తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే నవ్వారు. రాత్రి మూత పెట్టనిది ఎవరో ముగ్గురికీ తెలుసు. సీసా కడిగి బోర్లించి, బస్సు తప్పిపోతుందేమోనని పరుగెత్తింది మాత్రం నేనే.

నూనె చెడకుండా అందులోని ఫీనాల్ అనే పదార్థం తన హైడ్రోజన్‌ని ఇచ్చేస్తుంది. ఇచ్చాక మిగిలేది రాడికల్ అనే నిలకడలేని ముక్క. రెప్పపాటు కూడా బతకదు. లేజర్ మెరుపుతో దాన్ని పుట్టించి, దాని రంగు ఎంత వేగంగా వెలిసిపోతుందో కొలవడం నా ఉద్యోగం. అది ఒంటరిగా విరిగిపోతుందని మా సారు పరిశోధన వ్యాసంలో రాసేశారు. కాదు, రెండేసి ఎదురుపడి ఒకదాన్నొకటి ముగించుకుంటాయని నా అనుమానం. తేల్చడం తేలికే, మెరుపును సగం చేసి చూడాలి. తక్కువ పుడితే ఎదురుపడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఒంటరిగా విరిగేదైతే తేడా ఉండదు. వ్యాసం ఈ సాయంత్రమే పత్రికకు వెళ్ళిపోతోంది. దాని మీద నా పేరూ ఉంది. ఓసారి కొలిచి చూస్తానని సారుని అడిగాను.

“ఎందుకమ్మా ఆ తంటా? త్వరగా ఇంటికెళ్ళు, పాప ఎదురుచూస్తుంటుంది,” అన్నారు సారు ఎంతో దయగా. ఆ దయకే నాకు ఒళ్ళు మండింది. పక్క బల్ల దగ్గర పనిచేసే అతనికీ పాప ఉంది. అతన్ని ఏనాడూ ఇంటికి తరమలేదు.

సారు తన గదిలోకి వెళ్ళగానే లేజర్ ముందు మసక అద్దం పెట్టి వెలుగును సగానికి తగ్గించాను. ఫోన్ మోగింది.

“ఎక్కడిదాకా వచ్చావ్? అమ్మకి నడుం నొప్పట, వంట ఇంకా మొదలవలేదు,” అన్నారు మా ఆయన, వంటగది పక్క గదిలోంచి.

“వస్తున్నా,” అన్నాను అలవాటుగా.

తెర మీద గీత నిన్నటిలా నిట్టనిలువునా కాక నిదానంగా దిగింది. రంగు సగం వెలిసిపోవడానికి రెట్టింపు సమయం. మళ్ళీ కొలిచాను, అంతే వచ్చింది. సంతోషించాల్సింది పోయి భయం వేసింది. ఇక నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

పిలిస్తే సారు వచ్చి గీతను చూశారు, నా మొహం చూశారు, గొంతు తగ్గించారు. “అద్దం సరిగా పెట్టలేదేమో. పరధ్యానంగా ఉన్నావు. ఇంట్లో ఏమైనా గొడవా?”

సారు ఎదుటే ఇంటికి ఫోన్ చేశాను. “నేను ఇప్పుడే రావడం లేదండీ. వంట మీరు చెయ్యండి.” మా ఆయన ఏదో అంటుండగానే పెట్టేశాను.

“ఇప్పటిదాకా లేదు సార్,” అన్నాను. “ఇప్పుడే మొదలైంది. రండి, ఈసారి అద్దం మీరే పెట్టండి.”