కిన్‌రాస్ దొర గేట్లు

ఆరో గేటు దగ్గర కూడా దొరే దిగాడు. బ్రైడీ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, గుండె జబ్బు. బండి తోలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక వంటమనిషిని డ్రైవరుగా పెట్టుకున్నాడు గానీ గేట్లు మాత్రం ఎవరికీ వదల్లేదు. కొక్కెం తీస్తాడు, బండి దాటాక వేస్తాడు, వేశాక రెండుసార్లు ఊపి చూస్తాడు. ఆ తర్వాత కంచె పొడుగునా అటూ ఇటూ చాలాసేపు చూస్తాడు. అక్కడ ఏమీ ఉండదు.

డార్లింగ్ నదికి పడమర హ్యూ కిన్‌రాస్‌ని ఎరగనివాడు లేడు. లక్ష గొర్రెలు, ఆరువేల పశువులు. అతని బీళ్ళలో ఒక అంచున పొద్దున్నే బయల్దేరితే రెండో అంచుకి చేరేసరికి పొద్దు వాలుతుంది. అంత గొర్రెల దొర గొర్రె మాంసం ముట్టడు. ఇరవై ఆరేళ్ళుగా అతనికి విడిగా కోడిగుడ్లో, ఆవు మాంసమో వండి పెడుతోంది బ్రైడీ. దొర చుట్టాల్ని తినడని ఉన్ని కత్తిరించేవాళ్ళు నవ్వుకుంటారు. చచ్చి స్వర్గానికి పోయినా లోపలికి వెళ్ళేముందు గేటు ఊపి చూస్తాడని ఇంకో పరాచికం.

గేట్ల మాటకి బ్రైడీ నవ్వదు. ఆమె తండ్రి మార్టిన్ ఫీలన్ ఈ బీళ్ళలోనే గుర్రం మీద తిరిగే కంచె కాపరి. ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలిసిన కట్టుబాటు ఒకటుంది. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలిపోవాలి. తెరిచుంటే తెరిచి, మూసుంటే మూసి. యాభై ఏళ్ళ కిందట ఒక జనవరిలో, గొర్రెలు నీళ్ళకి పోవడానికని తెరిచి ఉంచిన గేటుని ఎవరో మూసేశారు. నాలుగు రోజుల్లో రెండువేల గొర్రెలు కంచెకి మూతులు ఆనించి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి. పెద్ద దొర, అంటే ఈ దొర తండ్రి, అది ఫీలన్ పనేనని అందరి ముందూ అతన్ని వెళ్ళగొట్టాడు. ఆ తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు. ‘గేటు ఫీలన్’ అన్న పేరుతో, మూట భుజాన వేసుకుని తిరిగి తిరిగి ఒక వంతెన కింద పోయాడు. అప్పటికి బ్రైడీకి తొమ్మిదేళ్ళు. ఊరంతా అన్న మాటే ఆమె కూడా నమ్మింది. నాన్నంటే సిగ్గుపడింది కూడా. అలాంటివాడి కూతుర్ని దొర పిలిచి ఇంట్లో పనికి పెట్టుకుంటే, ధర్మాత్ముడు అనుకుంది.

ఏడో గేటు దగ్గర దొర బండి తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఊపిరి అందడం లేదు. బ్రైడీయే దిగి, చూసి, వెనక్కి వచ్చింది.

“తెరిచే ఉంది దొరగారూ. అలాగే వదిలేస్తున్నా.”

“ఆ రోజూ తెరిచే ఉంది,” అన్నాడు దొర.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అతను ముందున్న అద్దంలోంచి చూస్తూ చెప్పుకుపోయాడు. అప్పుడతను ఇరవై రెండేళ్ళవాడు, పట్నం చదువు ముగించుకుని వారం కిందటే వచ్చాడు. ఒంటరిగా ఇటు వచ్చి, ఈ గేటు ఎవడో బద్ధకంతో వదిలేశాడనుకుని మూసేసి వెళ్ళాడు. తండ్రి ఫీలన్‌ని తిడుతుంటే టోపీ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు యాభై ఏళ్ళు సాగింది.

“అవి ఇంకా ఇక్కడే ఉన్నాయి బ్రైడీ. ఏ గేటు ఊపినా అవతల్నించి మూతులు తగులుతాయి.”

గొర్రెలు గుర్తుకొచ్చాయి గానీ మా నాన్న గుర్తు రాలేదా అనుకుంది బ్రైడీ.

“మా నాన్న వంతెన కింద పోయాడు. మీరు నాతో గుడ్లు ఉడకబెట్టించుకున్నారు,” అంది.

అంతటితో ఆమె వదల్లేదు. వంటమనిషి చెబితే ఎవడు నమ్ముతాడు, మీ చేత్తో రాయండి అంది. బండిలో కాగితం లేదు. వెనక గొర్రెల మీద గుర్తులు పెట్టే ఎర్రసుద్ద ముక్క ఒకటి దొరికింది. గేటు పక్కనే రేకుల నీళ్ళ ట్యాంకు ఉంది. దొర ఒక చేత్తో దాన్ని పట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. గేటు మూసింది నేను. ఫీలన్ కాదు. కింద సంతకం పెట్టాడు.

తర్వాత ట్యాంకు నీడలో చతికిలబడి టీ అడిగాడు. ఆమె ఫ్లాస్కులోంచి పోసి అందించేసరికి తీసుకోవడానికి అతను లేడు. బ్రైడీకి ఏడుపు రాలేదు. కాసేపు పక్కన కూర్చుని, టీ తనే తాగింది.

శవాన్ని ఇంటికి తెచ్చాక మేనేజరుకి అంతా చెప్పింది. అతను ఆమె భుజం తట్టి, “ముందు మట్టి కానివ్వు బ్రైడీ. సోమవారం వెళ్ళి చూద్దాంలే,” అన్నాడు. నమ్మినట్టు లేదు.

శనివారం మట్టికి వచ్చిన జనం చర్చిలో పట్టలేదు. పాదిరి దొర ఆత్మకోసం ప్రార్థించాడు, ఆ తర్వాత వానకోసం. రెండేళ్ళుగా చుక్క లేదు. ఆమెన్ అంటుండగానే పడమట ఉరిమింది. మగవాళ్ళు పక్కకి తిరిగి కిటికీల్లోంచి చూశారు. కొందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పోతూ పోతూ వాన పంపిస్తున్నాడయ్యా మా దొర,” అన్నాడు ఎవరో.

చివరి బెంచీలో బ్రైడీ వేళ్ళు నొప్పి పుట్టేలా చేతులు జోడించుకుంది. ఉన్ని పాడవకూడదని, నీళ్ళు తగిలితే ఇట్టే పోయేలా చేస్తారు ఆ సుద్దని. చర్చి నిండా ఉన్న మనుషుల్లో ఆమె ఒక్కతే వాన వద్దని దేవుణ్ణి వేడుకుంటోంది. అది పాపమని ఆమెకి తెలుసు.

నలభై మైళ్ళ అవతల, ముసురుతున్న మబ్బు కింద, రేకుల ట్యాంకు మీద ఎర్రటి అక్షరాలు ఇంకా పొడిగానే ఉన్నాయి.